ఉయ్యాలకు వారబందీ

గురువారం పొద్దున్నే చెత్త డబ్బాలు రోడ్డు వారకి లాగడం శ్రీవల్లి పని, కాఫీ కలపడం ఫణికుమార్ పని. పెళ్ళై అమెరికాలో ఈ అరోరా ఊరికి వచ్చిన మొదటి వారంలో చేసుకున్న ఒప్పందం అది. ఐదేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. రెండో డబ్బా లాగి ఆమె వెనక్కి తిరిగేసరికి అతను గరాజ్ గుమ్మంలో రెండు కప్పులతో నిలబడి ఉంటాడు. ఆ ఆవిరి వెనకాల అతని మొహం కొంచెం కలలో మనిషిలా కనిపిస్తుంది. దాని కోసమే చలికాలంలో వేళ్ళు కొంకర్లు పోతున్నా ఆమె డబ్బాల పని ఎవరికీ ఇవ్వలేదు.

ఆ గురువారం ఆమె వెనక్కి తిరిగేలోపు రోడ్డు మీద టక్కు టక్కుమని చప్పుడైంది. చూస్తే ఉయ్యాల వెళ్తోంది.

"లలితాంటీ వాళ్ళింట్లోంచి వచ్చేసినట్టుంది," అన్నాడు ఫణి కప్పు అందిస్తూ. "పాప నైనికకి నడక వచ్చేసిందిగా."

"ఈసారి ఎటు పోతుందో," అంది శ్రీవల్లి.

ఉయ్యాల ఎటూ పోలేదు. స్టాప్ బోర్డు దగ్గర పద్ధతిగా ఆగి, అటూ ఇటూ ఊగి, ఎదురింటివాళ్ళ చెట్టు కింద పడ్డ ఏప్రిల్ ఎండలో నిలబడింది. కుక్కని తిప్పుతున్న పక్కింటి అమెరికా పెద్దాయన దానికి గుడ్ మార్నింగ్ చెప్పి పోయాడు.

అది నాలుగు కాళ్ళ కొయ్య ఉయ్యాల. ఏటికొప్పాక లక్క రంగులు, నాలుగు మూలలా నాలుగు చిలకలు. ముప్పై ఏళ్ళ కిందట ఎవరో సామాన్లతో పాటు ఓడలో వేసుకొచ్చారట. వాళ్ళ పాప పెద్దదయ్యాక ఒకరోజు తనంతట తనే తలుపు తోసుకుని వెళ్ళి ఇంకో ఇంటి ముందు నిలబడింది. ఆ ఇంటావిడ గుమ్మంలోనే చతికిలబడి, "ఇంకా ఎవరికీ చెప్పనేలేదు, దీనికెలా తెలిసింది?" అని నవ్వుతూ ఏడ్చిందట. అప్పట్నుంచీ అంతే. ఏ ఇంట్లో ఆడమనిషి మనసులో నిజంగా బిడ్డ కావాలనుకుంటుందో ఆ ఇంటికి వెళ్తుంది. పని అయ్యాక బయటికొస్తుంది. ఒకట్రెండుసార్లు సగం దారిలో వెనక్కి తిరిగిపోయింది కూడా. ఎందుకని ఆ ఇళ్ళవాళ్ళని ఎవరూ అడగలేదు. దాని మీద ఇప్పటిదాకా వచ్చిన ఫిర్యాదల్లా ఒక్కటే, రాత్రిళ్ళు రోడ్డు మీద పార్క్ చేయకూడదని హోమ్ ఓనర్స్ అసోసియేషన్ వాళ్ళు అంటించిన కాగితం.

ఇంత సవ్యంగా జరుగుతున్న వ్యవహారం ఫిబ్రవరిలో దిగిన సూర్యప్రకాశరావుగారికి నచ్చలేదు.

ఆయన ఫణి తండ్రి. సాగర్ కుడి కాలవ మీద ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన ఇంజనీరు. ఆర్నెల్లు కొడుకు దగ్గర ఉందామని భార్య దమయంతితో కలిసి వచ్చారు. మొదటి నెల మంచు చూశారు. రెండో నెల కిటికీ దగ్గర రిక్లైనర్ కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉయ్యాలని చూశారు.

"దాని ఇష్టమొచ్చినట్టు పోతుందేమిట్రా, అజమాయిషీ లేకుండా? కాలవకి నీళ్ళు తక్కువైతే మేమేం చేసేవాళ్ళం? వారబందీ పెట్టేవాళ్ళం. ఏ ఊరికి ఏ వారం నీళ్ళు వదలాలో పట్టిక రాసి, షట్టరుకి తాళం వేసేవాళ్ళం. ఉన్నది ఒక్క ఉయ్యాల. నూటపాతిక ఇళ్ళు. చివరి ఊళ్ళకి ఎప్పటికి అందాలి?"

"ఏవండీ, అది కాలవ కాదు," అంది దమయంతి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

"నీకు తెలీదు. ప్రవహించేదేదైనా కాలవే."

చివరి ఊరంటే తమ ఇల్లేనని శ్రీవల్లికి తెలుసు. ఆయన రోజూ పొద్దున కిటికీలోంచి ఉయ్యాల ఎటు తిరిగి ఉందో చూసి, ఆ తర్వాత కోడలి వైపు చూసేవారు. ఆ చూపులో కోపం లేదు. గేజీ స్తంభం మీద నీటిమట్టం చూసే చూపు, అంతే. అదే ఆమెకి ఎక్కువ బాధగా ఉండేది.

ఆమె దగ్గర ఒక ఉత్తరం ఉంది. కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ సీటు వచ్చిందని, చేరతారో లేదో వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా చెప్పమని. భర్త వీసా మీద వచ్చి, పని చేసే పర్మిట్ కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసి, ఆ ఎదురుచూపుల్లోనే ఒకసారి ఫ్లూ షాట్ వేసిన నర్సు చేతులు చూసి ఆమె మనసు పారేసుకుంది. నొప్పి తెలియకుండా మాట్లాడుతూ సూది వేసే ఆ చేతులు తనకి కావాలనిపించింది. బిడ్డ? కిటికీ దగ్గర నిలబడి తనని తాను చాలాసార్లు అడిగింది. ఇప్పుడైతే వద్దు. తర్వాత కావాలేమో, అప్పటికీ వద్దేమో, తెలీదు. ఆ తెలియకపోవడం కూడా తన సొంతమే అనిపించేది. ఉత్తరం సంగతి ఫణికి ఒక్కడికే చెప్పింది. "చేరు వల్లీ, నాన్నకి నేను చెప్తాను," అన్నాడు. మూడు వారాలైంది, చెప్పలేదు.

ఆదివారం గుడి బేస్‌మెంట్‌లో తెలుగు సంఘం జనరల్ బాడీ మీటింగ్. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు కౌంటర్ వెనకాల పులిహోర ట్రేల దగ్గర. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు, ఎప్పుడూ అలాగే కూర్చుంటారు. ఉయ్యాలకి పట్టిక వేసే పని కమిటీ అప్పజెప్పడంతో సూర్యప్రకాశరావుగారు కోటు వేసుకుని ప్రొజెక్టర్ ముందు నిలబడ్డారు. ఉయ్యాలని లలితాంటీ వాళ్ళాయన మినీవ్యాన్‌లో ఎక్కించి తెచ్చి ఒక మూల పెట్టాడు. దాని కాళ్ళకి సైకిల్ గొలుసు తాళం.

తెర మీద ఎక్సెల్ షీటు వెలిగింది. పేరు, పెళ్ళి తేదీ, ఉన్న పిల్లలు, ఆలస్యానికి కారణం. మొదటి వరసలో శ్రీవల్లి పేరు మూరెడు అక్షరాల్లో ఉంది. ఐదేళ్ళ రెండు నెలలు. సున్నా. కారణం దగ్గర ప్రభుత్వ భాషలో ఇలా రాసి ఉంది: "తెలియరాలేదు."

శ్రీవల్లి చేతిలో పులిహోర గరిటె ఆగిపోయింది. నూటయాభై మంది ఆ సున్నాని చదువుతున్నారు. ఒకాయన చదవలేక ఫోన్‌లో జూమ్ చేసి మరీ చూస్తున్నాడు.

"సొంత కోడలని మొదట పెట్టలేదు," అన్నారు సూర్యప్రకాశరావుగారు. "సీనియారిటీ ప్రకారం వచ్చింది. ఆడవాళ్ళందరూ కారణం కాలమ్ ఈ నెలాఖరులోగా నింపి పంపితే, కమిటీ పరిశీలించి ఉయ్యాల అలాట్ చేస్తుంది."

"అంకుల్, లిస్టుల నా పేరు లేదేంది?"

వెనక వరసలోంచి ఉషా లేచి నిలబడింది. స్కూల్ బస్సు నడుపుతుంది. కరీంనగర్ మనిషి, నలభై రెండేళ్ళుంటాయి, ఒక్కతే ఉంటుంది. ఆడవాళ్ళలో కుర్చీలో కూర్చున్నది ఆమె ఒక్కతే.

"నీకు పెళ్ళి తేదీ ఖాళీగా ఉందమ్మా. ఆ గడి ఖాళీగా ఉంటే షీటు ఒప్పుకోదు."

"షీటు ఒప్పుకోదు సరే. ఉయ్యాల ఒప్పుకుంటే?"

కొందరు నవ్వారు. సూర్యప్రకాశరావుగారు గొంతు సవరించుకుని ఓటింగ్ అన్నారు. సంఘం నియమం ప్రకారం ఫ్యామిలీ మెంబర్‌షిప్‌కి ఒకటే ఓటు, అది ఎవరి పేరు మీద కార్డుంటే వాళ్ళది. కార్డులన్నీ కుర్చీల్లో ఉన్నాయి. కౌంటర్ వెనకాల ఒక్కటీ లేదు. సింగిల్ మెంబర్‌షిప్ కాబట్టి ఉషాకి మాత్రం తన ఓటు తన దగ్గరే ఉంది.

చేతులు లేచాయి. శ్రీవల్లి గరిటె పట్టుకునే ఫణి వైపు చూసింది. ఫణి తండ్రి వైపు చూశాడు. తండ్రి ఫణి వైపు చూశారు. ఫణి చెయ్యి సగం లేచింది, చెవి దాకా. అక్కడే ఆగి చెవి గోక్కున్నట్టు చేసింది. ఆ సగం చేతిని కూడా నిండు ఓటుగా లెక్కపెట్టారు. వ్యతిరేకంగా ఉషా ఒక్కతే చెయ్యెత్తింది. ఆ చెయ్యి మాత్రం బస్సు ఆపడానికి ఎత్తినట్టు నిటారుగా ఉంది.

మొదటి అలాట్‌మెంట్ నెలాఖరు దాకా ఆగకుండా, సీనియారిటీ లెక్కన ఆ సాయంత్రమే శ్రీవల్లి వాళ్ళింటికొచ్చింది. ఉయ్యాల పారిపోకుండా ఎక్కడ కట్టాలని ఆలోచించి, సూర్యప్రకాశరావుగారు దాన్ని తన రిక్లైనర్ కాలికి కట్టారు. ఇంట్లో కదలని వస్తువు అదొక్కటే, అందులోంచి లేవని మనిషి ఆయనొక్కరే.

ఆ రాత్రి పడుకోబోయే ముందు ఫణి మెల్లగా అన్నాడు.

"సగం చెయ్యే కదా ఎత్తాను వల్లీ."

"మిగతా సగం ఏం చేస్తోంది ఫణీ?"

సోమవారం, మంగళవారం, బుధవారం అతను కాఫీ కలిపాడు, ఆమె తాగింది. కానీ ఆవిరి వెనక మొహం చూడలేదు.

ఉయ్యాల గోడ వైపు తిరిగి నిలబడింది, బడిలో దండించిన పిల్లలా. సూర్యప్రకాశరావుగారు దానికి బొట్టు పెట్టారు, మెత్తటి దుప్పటి వేశారు, చేత్తో ఊపి చూశారు. ఊగలేదు. బుధవారం శ్రీవల్లి దాని చుట్టూ వాక్యూమ్ చేస్తూ ఆగి, ఒక చిలక మీద చెయ్యి వేసింది. రంగు చల్లగా ఉంది. చిలక కన్ను కిందికి వాలి ఉంది. నన్నూ అడక్కుండానే తెచ్చారమ్మా అన్నట్టుంది. ఎందుకో ఆమెకి ఆ కొయ్య మీద పట్టరానంత జాలి కలిగింది.

గురువారం మధ్యాహ్నం గోంగూర పప్పుతో భోజనమయ్యాక మామగారు కుర్చీలో కునుకు తీస్తున్నారు. ఫణి ఆఫీసులో ఉన్నాడు. దమయంతి వెళ్ళి పెరటి వైపు అద్దాల తలుపు పూర్తిగా పక్కకి జరిపింది.

"గాలి రానీ," అంది.

ఉయ్యాల ఒక కాలెత్తింది. తర్వాత ఇంకోటి. గొలుసు బిగుసుకుంది. రిక్లైనర్ కిర్రుమంది. సూర్యప్రకాశరావుగారు కళ్ళు తెరిచేసరికి కుర్చీ సగం గుమ్మం దాటింది.

"భూకంపమా?"

"కాదండీ, ఉయ్యాల. కాళ్ళు పైకి పెట్టుకోండి, గడ్డి తడిగా ఉంది," అంది దమయంతి. ముందే తీసి పెట్టుకుందేమో, మంకీ క్యాపు, బీపీ మాత్రలు, నీళ్ళ సీసా కోడలి చేతిలో పెట్టింది. "నువ్వు వెంట వెళ్ళమ్మా. నేను గిన్నెలు సర్దుతాను."

శ్రీవల్లి చెప్పుల్లో కాళ్ళు దూర్చి పరుగెత్తింది.

"మామయ్యగారూ, తాళం తీసెయ్యండి."

"నంబరు షీట్‌లో ఉంది. షీటు లాప్‌టాప్‌లో ఉంది."

"పోనీ దిగిపోండి."

ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. కుర్చీ వదిలి దిగడం ఆయన సర్వీసులోనే లేదు.

అలా బయల్దేరారు. ముందు ఉయ్యాల, వెనక కుర్చీ, పక్కన మంకీ క్యాపుతో కోడలు. రోడ్డెక్కాక ఉయ్యాల సైకిళ్ళ దారి పట్టింది. పోస్టు వేస్తున్న ఆవిడ పక్కకి జరిగి దారిచ్చింది. రూట్ 59 అనే పెద్ద రోడ్డు దగ్గరికొచ్చి ఉయ్యాల ఆగింది. శ్రీవల్లి క్రాసింగ్ బటన్ నొక్కింది. ఆ సిగ్నల్ పడాలంటే మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాల్లో మామా కోడళ్ళకి చూసుకోవడానికి ఒకరికొకరి మొహాలు తప్ప ఏమీ లేవు.

"నువ్వెందుకమ్మా కారణం రాయలేదు?" అన్నారాయన చివరికి.

"ఏం రాయమంటారు మామయ్యగారూ? నాకు నర్సింగ్ సీటొచ్చింది. రేపు ఐదింటికి ఆఖరు. నాకు చదవాలనుంది. ఇప్పుడు బిడ్డ వద్దనుంది. ఇదంతా ఆ గడిలో పట్టదు. పట్టినా ప్రొజెక్టర్ మీద వెయ్యడానికి కాదు."

ఇంత మాట ఆమె ఆయనతో ఎప్పుడూ అనలేదు. సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంది.

సూర్యప్రకాశరావుగారు రోడ్డు వైపు చూశారు. "ఎనభై ఎనిమిదిలో," అన్నారు నెమ్మదిగా, "మా ఆఫీసుకి టార్గెట్ వచ్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఇన్ని అని. ఇద్దరు మగపిల్లలు పుట్టినవాళ్ళ పేర్లు లిస్టు రాశారు. మొదటి పేరు మీ అత్తయ్యది. కాగితం మీద సంతకం నేను పెట్టాను. స్పెషల్ ఇంక్రిమెంట్ ఇచ్చారు. పేపర్లో ఫోటో కూడా వేశారు."

"అత్తయ్యగారు ఏమన్నారు?"

"అడిగితే కదా. తర్వాత ఎప్పుడో, ఆడపిల్ల గౌను ఒకటి ట్రంకు పెట్టెలో కనబడింది. ఎవరిదే ఇది అన్నాను. ఎవరిదీ కాదండీ అంది." ఆయన మంకీ క్యాపు కోసం చెయ్యి చాపారు. ఎండగానే ఉంది. అయినా తగిలించుకున్నారు, కళ్ళ దాకా.

సిగ్నల్ పడింది. దాటారు.

దాటిన వీధిలో అబార్షన్లు చేసే ఆడవాళ్ళ క్లినిక్ ఒకటుంది. దాని ముందు ఎప్పుడూ రోడ్డుకి ఇటు అవి కూడదనే గుంపు, అటు అవి ఆడవాళ్ళ ఇష్టమనే గుంపు బోర్డులు పట్టుకుని నిలబడతారు. ఉయ్యాలని చూసి ఎడమవైపు వాళ్ళు చప్పట్లు కొట్టారు, బిడ్డల తరఫున వచ్చారని. గొలుసు చూసి కుడివైపు వాళ్ళు చప్పట్లు కొట్టారు, ఆడవాళ్ళ తరఫున వచ్చారని. మంకీ క్యాపులో సూర్యప్రకాశరావుగారు ఇద్దరికీ నమస్కారం పెట్టారు. కుడివైపునుంచి ఒక తెల్లజుట్టు బామ్మ పరుగెత్తుకొచ్చి ఆయన ఒళ్ళో ఒక బోర్డు పెట్టింది. ఆయన దాన్ని ఎండకి అడ్డం పెట్టుకున్నారు.

"ఏం రాసుందమ్మా? కళ్ళజోడు తేలేదు."

"నా ఒంటి సంగతి నన్నడగండి, అని రాసుంది."

ఆయన బోర్డు దించలేదు.

ఇంకో మైలు దూరంలో అపార్ట్‌మెంట్ల ముందు పసుపు రంగు స్కూల్ బస్సు ఆగి ఉంది. ఉయ్యాల ఆ వాకిట్లోకి తిరిగింది, కింది అంతస్తులో మూడో తలుపు ముందు నిలబడి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి మెల్లగా ఊగింది. తలుపు తీసింది ఉషా.

ఉయ్యాలని చూసింది. కుర్చీని చూసింది. బోర్డు వెనక మంకీ క్యాపుని చూసింది. తలుపుకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది.

"పొద్దున రూటుల ఉన్నప్పుడు డాక్టర్ ఆఫీసోళ్ళు ఫోన్ చేసిన్రు," అంది శ్రీవల్లితో. "రెండేండ్ల సంది తిరుగుతున్న. డోనరు, సూదులు, అన్నీ నేనొక్కదాన్నే. మూడుసార్లు పోయింది. ఈసారి నిలిచిందట. బస్సు పక్కకి ఆపి ఏడ్చిన. పిల్లలను దించినంకనే లే." ఉయ్యాల మీద ఒక చిలకని ముట్టుకుంది. "ఎవ్వరికీ చెప్పలే. దీనికెట్ల తెలిసింది?"

శ్రీవల్లి ఆమె చేతులు పట్టుకుంది. సూర్యప్రకాశరావుగారి నోట్లో ఒక ప్రశ్న పుట్టింది. పె అనే అక్షరం దాకా వచ్చింది. ఆయన దాన్ని నీళ్ళ సీసా ఎత్తి ఓ గుక్కతో మింగేశారు.

"బీపీ చూపించుకుంటున్నావా అమ్మా?" అన్నారు.

"చూపించుకుంటున్న అంకుల్."

ఆయన కుర్చీలోంచి లేచారు. వంగి తాళం పట్టుకుని ఒకటి, తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది తిప్పారు. గొలుసు ఊడింది. శ్రీవల్లి చూపు చూసి తల దించుకున్నారు. "నంబరు నాకు తెలుసమ్మా. ఇంక్రిమెంట్ వచ్చిన ఏడాది. అన్ని తాళాలకీ అదే పెట్టుకుంటూ వచ్చాను."

ఉయ్యాల లోపలికి నడిచి, చోటు ముందే తెలిసినట్టు కిటికీ పక్కన నిలబడింది. చిలకలు నాలుగూ తలలెత్తాయి. సాయంత్రం బస్సు రూటుకి వేళైందని ఉషా తొందరపడుతుంటే, ఆయన రిక్లైనర్ కూడా లోపలికి తోయించారు. "ఉంచుకోమ్మా. ముందు ముందు నడుం నొప్పులొస్తాయి. ఇందులో కూర్చుంటే లేవబుద్ధి కాదు, నేను గ్యారంటీ."

ఫణి ఆఫీసు నుంచి కారేసుకుని వచ్చి ఇద్దరినీ తీసుకెళ్ళాడు. ఇంటికెళ్ళేసరికి దమయంతి పెరటి తలుపు ఇంకా మూయలేదు. భర్త చేతిలో బోర్డు తీసుకుంది. "ఏమిటండీ ఇది?" అంది. ఆయన చదివి వినిపించారు, శ్రీవల్లి చెప్పింది చెప్పినట్టు, ఒక్కో మాటా ఆగి ఆగి. దమయంతి బోర్డుని వంటింట్లో, కాలెండర్ పక్కన నిలబెట్టింది. తర్వాత ఇద్దరూ పెరట్లో కూర్చుని చీకటి పడేదాకా ఏవో మాట్లాడుకున్నారు. ముప్పై ఏడేళ్ళ మాటలు కాబట్టి భోజనం ఆలస్యమైంది.

శుక్రవారం పొద్దున ఎక్సెల్ షీటు సభ్యులందరికీ మళ్ళీ వచ్చింది. ఉషా పేరు చేరింది, పెళ్ళి తేదీ కాలమ్ పోయింది. కారణం కాలమ్ ఉంది. తీసెయ్యడం మామగారికి చేతకాలేదేమో. కానీ మొదటి వరస నుంచి చివరి వరస దాకా ప్రతి గడిలో ఒకటే వాక్యం ఉంది: "ఈ విషయం ఈ శాఖ పరిధిలోకి రాదు." కింద ఆయన సంతకం. ఈసారి దాని పక్కన దమయంతి సంతకం కూడా ఉంది.

ఆ మధ్యాహ్నం ఫణి సెలవు పెట్టి గరాజ్‌లోంచి పాత చదువుకునే బల్ల మోసుకొచ్చాడు, ఒక్కడే, ఆపసోపాలు పడుతూ.

"ఒక పక్క నేను పట్టుకోనా?" అంది శ్రీవల్లి.

"వద్దు. ఈసారి రెండు చేతులూ ఎత్తాను, చూసుకో."

కిటికీ దగ్గర, కుర్చీ పోయి ఖాళీ అయిన చోట, కార్పెట్ మీద ఉయ్యాల నాలుగు రోజులు నిలబడ్డ గుర్తులు ఇంకా ఉన్నాయి. నాలుగు చిన్న గుంటలు. ఫణి బల్ల దించితే దాని నాలుగు కాళ్ళు కొలిచినట్టు ఆ నాలుగు గుంటల్లో దిగాయి. ఇంచీ కూడా జరపాల్సిన పని పడలేదు. మామగారు కళ్ళజోడు సవరించుకుని, "లెవెల్ బాగుంది," అన్నారు.

శ్రీవల్లి లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. నాలుగూ నలభైకి చేరతానని నొక్కింది. తలెత్తేసరికి ఫణి రెండు కప్పులతో నిలబడి ఉన్నాడు. ఆవిరి వెనకాల అతని మొహాన్ని ఆమె చాలాసేపు చూసింది. బల్ల ఆ గుంటల్లో ఉయ్యాలలా చిన్నగా, చాలా చిన్నగా ఊగినట్టనిపించింది. కప్పులో కాఫీ ఒలకలేదు.